రిజిస్టర్‌లో రాయని చెయ్యి

ఆ మీటింగ్‌లో ఒక చెయ్యి లేచింది. నేను చూశాను. రిజిస్టర్‌లో రాయలేదు. తర్వాత కంపెనీ ఆఫీసరు నన్నే నిలబెట్టి అడిగినప్పుడు కూడా చెప్పలేదు. ఆ చెయ్యెత్తిన మనిషిని క్యాంపు మొత్తం అబద్ధాలకోరు అనుకుంది. అలా అనుకోనిచ్చింది నేనే. ఎనిమిదేళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మస్కట్‌లో ఘాలా అంటే గ్యారేజీలు, గోదాములు, వాటి వెనక మాలాంటి వాళ్ళ రూములు. మా క్యాంపులో రెండంతస్తుల బ్లాకులు మూడు. తెలుగువాళ్ళం డెబ్బై మంది దాకా ఉండేవాళ్ళం. ఎక్కువమందిమి నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళం. కొద్దిమంది గోదావరి వాళ్ళు. పొద్దున ఐదింటికి కంపెనీ బస్సు, సాయంత్రం మళ్ళీ అదే బస్సు. శుక్రవారం ఒక్కటే మాది.

మా కమిటీ పుట్టింది బాత్రూముల వల్ల. నీళ్ళు రాకపోయినా, ఏసీ ఆగిపోయినా ఎవరికి వాళ్ళు క్యాంప్ బాస్ దగ్గరికి పోయి అరిచేవాళ్ళు. ఆయన కేరళ మనిషి. ఒకరోజు విసిగిపోయి, మీలో మీరు ఒక కమిటీ పెట్టుకోండి, ఏం కావాలో కాగితం మీద రాసి తెండి అన్నాడు. కంపెనీ కూడా సరేనంది. ఒక శుక్రవారం భోజనాలయ్యాక మెస్ హాల్లో చేతులెత్తి ఐదుగురిని ఎన్నుకున్నాం. నేను ఇంటర్ దాకా చదివాను, చేతిరాత కుదురుగా ఉంటుంది, అందుకని రాసే పని నాకు పడింది. మత్రా సూక్‌లో అంటే అక్కడి పాత బజారులో, గట్టి అట్ట ఉన్న పొడుగు రిజిస్టర్ ఒకటి కొని తెచ్చాను.

మొదటి పేజీలో మొదటి రూలు ఇది: మెస్‌లో పార్టీ మాట ఎత్తరాదు. దానికి కారణం ఉంది. అంతకుముందు ఊళ్ళల్లో ఎలక్షన్లు జరిగినప్పుడు ఇక్కడ ఇద్దరు గరిటెలతో కొట్టుకున్నారు. ఒకడికి నుదుటి మీద కుట్లు పడ్డాయి. డెబ్బై మందిలో ఎవరి జెండా వాళ్ళకు ఉండేది. నీళ్ళ ట్యాంకుకు, బస్సు సీటుకు జెండాలెందుకు? ఆ రూలు మంచిదే. కానీ దాని అర్థం మేమే చెడగొట్టుకున్నాం. పార్టీలు లేవు కాబట్టి ఎదురుమాట కూడా ఉండకూడదని అనుకున్నాం.

ప్రెసిడెంటుగా ఉన్నది మా ఫోర్‌మన్, గోదావరి జిల్లా ఆయన. మంచి మనిషి. ఎవరికి జ్వరమొచ్చినా తన డ్యూటీ మార్చుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు. షట్టరింగ్ పనిలో నడుం పట్టేస్తే నన్ను స్టోరుకు మార్పించింది ఆయనే. ఆయన రూమ్‌లోనే నా మంచం. ఇవి సాకులుగా చెప్పడం లేదు. ప్రెసిడెంటు రూమ్‌మేటే మీటింగులు రాసేవాడు కూడా అని తెలియడానికి చెబుతున్నాను. అప్పట్లో అందులో తప్పేముందో మాకెవరికీ తోచలేదు.

రిజిస్టర్ మెస్ హాల్లో, మంచినీళ్ళ ఫిల్టర్ పక్కన ఉండేది. ఎవరైనా ఫిర్యాదు రాయొచ్చు. రాయడం రానివాళ్ళు నాతో రాయించుకునేవాళ్ళు. ఏది ఎప్పుడు బాగైందో పక్కన కమిటీ వాళ్ళు రాయాలి. మొదటి ఏడాది చక్కగా జరిగింది. తర్వాత మెల్లగా పక్కన ఖాళీలు పెరిగాయి. కొందరు ఆ ఖాళీల్లో బొమ్మలు వేశారు. ఫోర్‌మన్ మీసాలతో ఒక గుడ్లగూబ బొమ్మ నాకింకా గుర్తుంది, బాగా కుదిరింది.

రెండేళ్ళు నిండాక మళ్ళీ ఎన్నుకోవాలి. ఆ శుక్రవారం ఫోర్‌మన్ లేచి రెండు మాటలు చెప్పాడు. "తమ్ముళ్ళూ, ఉన్న కమిటీనే ఉండనిద్దాం. కొత్తోళ్ళయితే మళ్ళీ అన్నీ మొదట్నించీ నేర్చుకోవాలి. ఇంకోటి, రిజిస్టర్ నా రూమ్‌లో పెడతాను. ఇక్కడ పెడితే బొమ్మల పుస్తకం అయిపోతోంది. ఏదైనా రాయాలంటే నా దగ్గరికి రండి, నేను కాదన్నానా?"

అందరూ నవ్వారు. అప్పుడు సుతారి అన్న లేచాడు. గోడ కట్టే మేస్త్రీని మా వైపు సుతారి అంటారు. ఆయనది జగిత్యాల వైపు. నాకంటే పదేళ్ళు పెద్ద. చదువు లేదు గాని, గోడ చూడగానే ఎక్కడ వంకరుందో చెప్పేవాడు.

"నీ రూముల పెడితే నీ మీద ఫిర్యాదు ఎట్ల రాస్తరే?" అన్నాడు.

"నా మీద ఏం ఫిర్యాదుందిరా బాబూ నీకు?"

"ఇప్పుడు లేదు. రేపు ఉంటది గావచ్చు. రాసే తమ్మి నీ రూమోడేనాయె. ఏం రాసిండో మాకు సదివి ఇనిపియ్యడాయె. గట్లయితే ఎట్ల? ఇగో, బీ బ్లాక్ మీది ట్యాంకి మూత పగిలి ఎన్నొద్దులాయె? పావురాలు అండ్లనే తానం జేస్తున్నయ్. గా ముచ్చట రాయుమను ముందుగాల."

"రాస్తాడులే. ఇదేమన్నా పార్టీయా, నువ్వు ప్రతిపక్షం పెట్టడానికి?"

హాలంతా మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను. ఫోర్‌మన్ చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి. వద్దనేవాళ్ళు ఎత్తండి అన్నాడు, మాట వరసకి. సుతారి అన్న చెయ్యి లేచింది. సిమెంటు తిన్న వేళ్ళు, గోళ్ళ చుట్టూ తెల్లటి పగుళ్ళు. ఒక్క చెయ్యే.

"దించే అన్నా, ఏకగ్రీవం ఖరాబైతది" అన్నారెవరో.

"మా ఊర్ల గిట్లనే ఒక్కడు నామినేషన్ ఏసిండు. ఏకగ్రీవమైతే ఊరికి వచ్చే ప్రోత్సాహకం పాయె. ఇప్పటిదాంక వాణ్ని ఎవ్వలూ పెండ్లిళ్ళకు పిలుస్తలేరు" అన్నాడు ఇంకొకడు.

"నన్ను పిలువకుండ్రి తీయి. బిర్యానీ మిగులుతది మీకు" అన్నాడు సుతారి అన్న. చెయ్యి దించలేదు.

నేను రాశాను: "పాత కమిటీ కొనసాగుటకు, రిజిస్టర్ అధ్యక్షుల వద్ద ఉంచుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ఆ మాట ఎందుకు రాశానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. భయంతో రాయలేదు. ఎవరూ చెప్పి రాయించలేదు. అది మర్యాద అనుకుని రాశాను. మా ఊళ్ళో సర్పంచ్ ఏకగ్రీవమైతే డప్పులు కొట్టేవాళ్ళు, ఊరు ఒక్క మాట మీద నిలబడిందని చెప్పుకునేవాళ్ళు. పేపర్లో ఆ మాట వస్తే కత్తిరించి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించేవాళ్ళు. ఒక చెయ్యి అడ్డం లేచిందని రాస్తే మా క్యాంపు పరువు తక్కువవుతుందనిపించింది. గ్రీవం అంటే మెడ. డెబ్బై మందికీ ఒకటే మెడ ఉన్నట్టు నేను రాసిపెట్టాను. ట్యాంకు సంగతి ఇంకో రోజు రాద్దామనుకున్నాను. ఆ సాయంత్రానికే రిజిస్టర్ ఫోర్‌మన్ బీరువాలోకి పోయింది. ఇంకో రోజు రాలేదు.

ఎండాకాలం నడిమధ్యలో బీ బ్లాక్‌లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు పడ్డారు. కొందరిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. ట్యాంకులో చచ్చిన పావురాన్ని తీశారు. హెడ్ ఆఫీసు నుంచి సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. హిందీలో మాట్లాడే మనిషి. మమ్మల్నందరినీ మెస్ హాల్లో కూర్చోబెట్టి, మూత పగిలిందని ఇంతకుముందు ఎవరైనా చెప్పారా అని అడిగాడు.

ఫోర్‌మన్ లేదన్నాడు. సుతారి అన్న లేచి, "మైనే బోలా థా సాబ్. మీటింగ్ మే. సబ్‌కే సామ్నే" అన్నాడు, మీటింగ్‌లో అందరి ముందూ చెప్పానని.

"ఎవరి ముందు చెప్పాడు? విన్నవాళ్ళు చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

హాలు కదల్లేదు. మీటింగ్ జరిగి అప్పటికే నెలలు గడిచాయి. కొందరికి నిజంగానే గుర్తు లేదు. గుర్తున్నవాళ్ళకు ఫోర్‌మన్ ఎదురుగా ఉన్నాడు. ఆఫీసరు పుస్తకం తెమ్మన్నాడు. నేను ఆ పేజీ తీసి హిందీలో చెప్పాను: అందరి ఇష్టంతో జరిగింది సాబ్. ట్యాంకు మాట ఉందా అని అడిగాడు. లేదు సాబ్ అన్నాను. రాసింది నువ్వే కదా, ఈయన ఆరోజు ట్యాంకు గురించి చెప్పాడా అని మళ్ళీ అడిగాడు.

నేను "యాద్ నహీ సాబ్" అన్నాను, గుర్తు లేదని.

ఫోర్‌మన్ మీద వేటు పడుతుందన్న భయం ఉంది. ఆయన ఇప్పించిన స్టోరు పని ఉంది. అన్నిటికంటే ముందు నేను రాసిన పేజీ ఉంది. నిజం చెబితే నా రాతే అబద్ధమవుతుంది. కుదురైన చేతిరాత అని అందరూ మెచ్చుకున్న రాత.

సుతారి అన్న అల్లుడు కూడా బీ బ్లాక్‌లోనే ఉండేవాడు, స్టీల్ కట్టే పని. ఆ రోజు అతను హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాంతులు తగ్గి లేచి రెండు రోజులే అయింది. నా మాట విని తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. ట్యాంకు మీటింగ్ నాటికి అతను సెలవు మీద ఇంటికి పోయి ఉన్నాడు. మామ చెప్పిన మాటా, ఎత్తిన చెయ్యీ తను చూడలేదు. విన్నది నా పుస్తకంలో మాటే.

ఆఫీసరు వెళ్ళాక ట్యాంకుకు కొత్త మూత వచ్చింది. సుతారి అన్నను చార్జ్‌హ్యాండ్ చేద్దామనుకున్నారు, అంటే పదిమంది మేస్త్రీల మీద పెద్ద. అది ఆగిపోయింది. ఆఫీసరు ముందు లేని మాట చెప్పాడట కదా అని సైట్ ఇంజనీరు అన్నాడని విన్నాను. క్యాంపులో ఆయనకు 'పావురం మేస్త్రీ' అని పేరు పెట్టారు. ఆయన బాల్టీ పట్టుకుని పోతుంటే ఎవరో ఒకరు పావురంలా కూసేవాళ్ళు. ఆయన కూడా తిరిగి కూసేవాడు. కానీ అల్లుడు బస్సులో మామ పక్క సీటు వదిలేసి వెనకసీటుకు మారాడు. దానికి మాత్రం ఆయన దగ్గర జోకు లేకపోయింది.

సుతారి అన్న నన్ను అంతకుముందు తమ్మీ అనేవాడు. ఆ రోజు నుంచి సారూ అన్నాడు. "సారూ, రెండు తట్టలు, ఒక తాపీ" అని స్టోరు కిటికీ దగ్గర నిలబడి అడిగేవాడు. నేను రాసిచ్చేవాణ్ణి. వేలిముద్ర వేసేముందు, "ఏం రాసిండ్రో సదువుండ్రి సారూ" అనేవాడు. ప్రతిసారీ. నేను చదివేవాణ్ణి: రెండు తట్టలు, ఒక తాపీ.

ఆ ఆఫీసరు వచ్చిన సాయంత్రం రూమ్‌లో ఫోర్‌మన్ టీ కలిపి గ్లాసు నా చేతికిచ్చాడు. అంతవరకూ రోజూ టీ కలిపేది నేనే. టీ తాగాను.

ఆ కాంట్రాక్టు అయిపోగానే సుతారి అన్న కంపెనీ మారి, మస్కట్‌కు దూరంగా ఖబూరా వైపు తోటల్లో పనికి పోయాడు. అల్లుడు ఇంటికి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. నా రోజులు స్టోరులో బాగానే గడిచాయి. సిమెంటు తిన్న వేళ్ళు చూసినప్పుడల్లా కొంచెం ఇబ్బందిగా ఉండేది, కానీ మా క్యాంపులో అందరి వేళ్ళూ అలాంటివే. అలవాటు పడ్డాను.

పోయిన ఏడాది ఫోర్‌మన్ పూర్తిగా ఇంటికి వెళ్ళిపోయాడు. పూలదండ వేసి పంపించాం. తర్వాతి శుక్రవారం మీటింగ్‌లో కొత్త ప్రెసిడెంటు ఎవరన్న మాట వచ్చింది. ఇన్నేళ్ళూ మళ్ళీ ఎన్నిక పెట్టలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"ఇంకెవరు, స్టోరన్ననే. ఏకగ్రీవం!" అన్నాడు ముందు వరసలో ఒకడు. చేతులు లేవడం మొదలయ్యాయి.

ఆ మాట నా మీద పడ్డాక గానీ దాని బరువు నాకు తెలియలేదు. చేతులు దించమన్నాను. ఫోర్‌మన్ వెళ్ళేముందు నాకిచ్చిన పాత రిజిస్టర్ రూమ్ నుంచి తెచ్చాను. ఆ పేజీ తీసి పైకి చదివాను. తర్వాత చెప్పాను: "ఇది తప్పు. ఒక చెయ్యి లేచింది. ట్యాంకి సంగతి ఆయన చెప్పిండు. నేను రాయలే. ఆఫీసరు అడిగితే యాది లేదన్న. యాది ఉండె."

పాతవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. వాళ్ళు నా మొహం చూడలేదు. కొత్తవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక ఎలక్ట్రీషియన్, సిరిసిల్ల వైపు వాడు, పిల్లల తండ్రి, మాట దాచుకోని మనిషి, "గిప్పుడు చెప్తివా? గింత పొద్దెక్కినంక?" అన్నాడు.

"అవును, ఇప్పుడే" అన్నాను.

"నేను సుత ఇన్న ఆ రోజు" అన్నాడు వెనకనుంచి పాతవాళ్ళలో ఒకడు, నెమ్మదిగా. "పావురాలు తానం జేస్తున్నయ్ అన్నడు." ఇంకొకడు, "నాకూ యాదికున్నది" అన్నాడు. వాళ్ళ గొంతులు నా గొంతులాగే ఉన్నాయి.

ఆ మీటింగ్‌లో రూలు మార్చుకున్నాం. రాసిన మాట సంతకాలకు ముందు పైకి చదవాలి. వద్దన్నవాళ్ళ మాట కూడా రాయాలి. రాసేవాడు, ప్రెసిడెంటు ఒకే రూమ్‌లో ఉండకూడదు. రెండేళ్ళకోసారి ఓటు జరగాలి, చేతులెత్తి కాదు, చాటుగా. రిజిస్టర్ మళ్ళీ ఫిల్టర్ పక్కనే, గొలుసుతో. ఫిర్యాదు పక్కన ఖాళీ ఉంటే తర్వాతి శుక్రవారం కమిటీ లేచి ఎందుకో చెప్పాలి. ఇవి నా బుర్రలో పుట్టినవని ఎవరైనా అనుకుంటే అది ఇంకో అబద్ధమవుతుంది. వీటిలో సగం ఆ రోజు సుతారి అన్న నిలబడి అడిగినవే.

నా పేరు తీసెయ్యమన్నాను. "తీసేదానికి నువ్వెవరన్నా? జనం తీస్తరు, ఆగు" అన్నాడు ఎలక్ట్రీషియన్. పోటీకి తను నిలబడ్డాడు. చదువురాని వాళ్ళు ఉన్నారు కాబట్టి కాగితాలు వద్దన్నారు. వంటగదిలో ఒక్కొక్కరే వెళ్ళి, మూతకు చిల్లుపెట్టిన పాలపొడి డబ్బాలో గుప్పిట మూసి ఒక గింజ వెయ్యాలి. నాకైతే శనగ, ఎలక్ట్రీషియన్‌కైతే కందిపప్పు. డబ్బా బోర్లిస్తే పళ్ళెమంతా పసుపు. శనగలు అక్కడక్కడా ఉన్నాయి.

"రేపు పప్పుచారు ఓట్లతోనేనా?" అన్నాడు వంటాయన.

నేను నిజంగా తేలికపడ్డాను. రాసే పని కూడా వేరేవాళ్ళకు ఇచ్చారు. ఇచ్చేముందు ఒక్కటి అడిగి రాసుకున్నాను. పాత పేజీ చింపలేదు, దిద్దలేదు. దాని కింద రాశాను: "పైన ఏకగ్రీవంగా అన్న మాట తప్పు. ఒక చెయ్యి లేచింది." ఎవరి చెయ్యో, ఏం చెప్పాడో రాసి సంతకం పెట్టాను. పైకి చదివాను. రిజిస్టర్ క్యాంపు దాటకూడదని కొత్త రూలు. అందుకని ఆ పేజీ మొత్తం ఒక కాగితం మీద దింపుకుని, ఆ తర్వాతి శుక్రవారం పొద్దున్నే ఖబూరా బస్సెక్కాను.

తోట సముద్రానికి దగ్గర. ఖర్జూరపు చెట్లు, వాటి కింద నిమ్మ చెట్లు. సుతారి అన్న మోటరు గది గోడకు పూత పూస్తున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూసి తాపీ ఆపలేదు.

"సారు వచ్చిండు! ఏం గావాలె సారూ, రెండు తట్టలా?"

నేను మొదలుపెట్టాను. అప్పటి పరిస్థితి, ఫోర్‌మన్ మేలు, నా భయం. ఆయన పూత నునుపు చేస్తూ కాసేపు విన్నాడు.

"అవన్నీ నాకెందుకు సారూ. నువ్వేం జేసినవో చెప్పు."

కాగితం తీశాను. "సదువు" అన్నాడు. చదివాను, పైన రాసిందీ, కింద రాసిందీ. ఆయన తాపీ బాల్టీలో వేసి చేతులు కడుక్కున్నాడు. లుంగీకి తుడుచుకుని ఫోను తీశాడు.

"డెబ్బై మందికి ఇనిపిచ్చినవా?"

"ఇనిపిచ్చిన అన్నా."

"అండ్ల ఒక్కడు లేడు గదా" అన్నాడు. స్పీకర్ పెట్టి నంబరు నొక్కాడు. జగిత్యాలలో అల్లుడు ఎత్తాడు. "ఏం మామా, గీ యాళ్ళ జేసినవ్?" అన్న గొంతులో మర్యాద ఉంది, దూరం కూడా ఉంది. "ఏం లేదు. మన ఘాలా స్టోరు తమ్మి వచ్చిండు. నీతోని మాట్లాడ్తడట" అని ఫోను నా ముందు పెట్టాడు. పెట్టి, తను నిమ్మచెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

కాగితం చేతిలో ఉంది గాని చూడలేదు. "తమ్మీ, ఆ రోజు మీటింగ్‌ల మీ మామ చెయ్యెత్తిండు. ట్యాంకి మూత పగిలిందని డెబ్బై మందిల చెప్పిండు. నేను చూసిన, ఇన్న, రాయలే. ఆఫీసరు అడిగితే యాది లేదన్న. యాది ఉండె. అబద్ధమాడింది మీ మామ గాదు, నేను" అన్నాను. నేను ఫోను వదిలి, అటు తిరిగి ఉన్న మనిషి వీపు వైపు చూసి చెప్పాను.

"తప్పు జేసిన అన్నా. మాఫ్ చెయ్యి."